కట్ట కింద క్లబ్బు

ఆదివారం పన్నెండు దాటిందంటే కృష్ణ మీది జూరాల కట్ట దగ్గర బండి ఆపడానికి జాగా దొరకదు. రేవులపల్లి వైపు పాకల ముందు ఐసు పెట్టెల్లో, ప్లాస్టిక్ టబ్బుల్లో చేపలుంటాయి. వేలు పెట్టి చూపిస్తే తూకం వేస్తారు. ఆ తర్వాత అడిగేది ఒక్కటే: "ఫ్రైకా, పులుసుకా?" పొలుసు గీకి, కడుపు చీల్చి, ఉప్పూ పసుపూ రుద్ది కడగడం ఒకరి పని. కారం, అల్లంవెల్లుల్లి, నిమ్మరసం పట్టించి బాణలిలో వదిలేది ఇంకొకరు. ముక్క వేశాక కాసేపు దాని జోలికి పోరు. తొందరపడి జల్లిగంటె పెట్టారో, పట్టించిన కారమంతా ఊడి నూనె అడుగున మాడుతుంది. ఆ తర్వాత వేసే ప్రతి వాయకూ ఆ చేదు అంటుకుంటుంది. బాణలి ముందు అనుభవమున్న మనిషి ఉన్నారో లేదో తెలుసుకోవాలంటే ముక్క కొరకక్కర్లేదు, నూనె రంగు చూస్తే చాలు.

మా తిమ్మాజిపేట నుంచి ఇంత దూరం చేపలు తినడానికి పోతున్నామంటే మా తాతల కాలంలో నవ్వేవాళ్లు. చెరువు నిండిన ఏడాది చేపలు, ఎండిన ఏడాది వలస. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా 'పాలమూరు లేబర్' తట్టలు మోసింది. తమ జిల్లాలో పారే కృష్ణ మాత్రం వాళ్ల పొలాలకు చాలాకాలం అందలేదు. జూరాలకు 1981లో పునాది రాయి వేస్తే, నీళ్లు నిలిచేసరికి 1995 వచ్చింది. లక్ష ఎకరాలకు పైగా ఆయకట్టు, ఒక్కొక్కటి 39 మెగావాట్ల చొప్పున ఆరు విద్యుత్ యూనిట్లు, ఇవన్నీ లెక్కల్లో ఉన్నవి. కట్ట కింద వెలసిన ఈ చేపల బజారు మాత్రం ఏ ఇంజనీరు నక్షాలోనూ లేదు.

నీటి ఒడ్డున కూర్చుని తినడం, తాగడం ఒకప్పుడు దొరల సరదా. మద్రాసు బోట్ క్లబ్బు 1867 నాటిది. పొద్దున అడయారు నదిలో తెడ్లు వేయడం, సాయంత్రం పచ్చికలో గ్లాసు పట్టుకుని కూర్చోవడం అక్కడి తీరు. మనకు దగ్గర్లో చూస్తే, 1878లో పుట్టిన సికింద్రాబాద్ క్లబ్బుకు హుస్సేన్ సాగర్ ఒడ్డున తెరచాప పడవల కోసం విడిగా ఒక విభాగముంది. ఈ క్లబ్బుల్లోకి పోవాలంటే సభ్యత్వమన్నా ఉండాలి, సభ్యుడైన చుట్టమన్నా ఉండాలి. జూరాలలో పెట్రోలు డబ్బులుంటే చాలు. అందుకే దీన్ని నేను క్లబ్బంటాను, వెక్కిరింపుకు కాదు.

తిమ్మాజిపేట వాళ్లకు రెండో క్లబ్బు సోమశిల. బిజినేపల్లి, నాగర్‌కర్నూల్ దాటి కొల్లాపూర్ మీదుగా పోవాలి. జూరాలలో చూడటానికి గేట్లుంటే, సోమశిలలో నల్లమల కొండల మధ్య పరుచుకున్న నీళ్లుంటాయి. 2024లో కేంద్ర పర్యాటక శాఖ ఎంపిక చేసిన ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఇదొకటి. కాటేజీలున్నాయి, నీళ్లు నిండుగా ఉన్న రోజుల్లో శ్రీశైలం దాకా లాంచీ పోతుంది. ఆ నీళ్లు శ్రీశైలం జలాశయానివి. వాటి కింద ఊళ్లున్నాయి. 1981 ప్రాంతంలో రెండు జిల్లాల్లో వందకు పైగా ఊళ్లను ఖాళీ చేయించారు. సోమశిల గుడి కూడా పాతచోట లేదు, విప్పి పైకి తెచ్చి మళ్లీ కట్టిందే. ముంపుకు ఇళ్లు వదిలిన కుటుంబాల పిల్లలు ఇప్పుడు సెల్ఫీల కోసం అదే ఒడ్డుకు వస్తున్నారు. రావద్దని ఎవరంటారు?

క్లబ్బన్నాక పడవ ఉండాలి కదా. మన పడవ పుట్టి. వెదురు బద్దల బుట్టకు ఒకప్పుడు తోలు చుట్టేవారు, ఇప్పుడు తారు పూసిన పట్టా కడుతున్నారు. గుండ్రంగా ఉంటుంది కాబట్టి దానికి ముందూ వెనకా ఉండవు. తెడ్డు ఒకేవైపు వేస్తే గిర్రున తిరుగుతుందే కానీ ముందుకు సాగదు. నడిపేవాడు ఎడమకొకసారి, కుడికొకసారి నీటిని తనవైపు లాక్కుంటూ పోతాడు. దత్త భక్తులు నది మధ్య దీవి కురుమగడ్డకు పుట్టిలోనూ పోతారు. రోయింగ్ క్లబ్బులో తెడ్డు వేసినవాళ్లే బల్ల ముందు కూర్చుంటారు. ఇక్కడ తెడ్డు వేసేవాడు వేరు, తినేవాడు వేరు. చేపను పట్టినవాడు జనం రాకముందే దాన్ని బేరగాడికి తూకమేసి ఇచ్చేసి ఉంటాడు. పాకలో పలికే ధరకూ అతని చేతికొచ్చిన దానికీ తేడా ఎంతని అడిగితే పాకవాళ్లు నవ్వి ఊరుకుంటారు.

'కృష్ణ చేప' అని అమ్మేదంతా నదిలో పుట్టింది కాదు. బొచ్చె, రవ్వ, బంగారుతీగ చాలావరకు జలాశయంలో వదిలిన చేపపిల్లలే. 2016 నుంచి తెలంగాణ ప్రభుత్వం వాటిని ఉచితంగా ఇస్తూ వచ్చింది. ఒకవైపు పిల్లల్ని వదులుతుంటే, ఇంకోవైపు శ్రీశైలం వెనక జలాల్లో అలివి వలలు వాటినే ఊడ్చుకుపోతున్నాయి. దోమతెరంత సన్నటి కన్నుల వల అది. నిషేధం ఉంది, దాడులు చేసి వలలు తగలబెడతారు, మళ్లీ కొత్తవి దిగుతాయి. వేలెడంత లేని పిల్లలు ఇసుక మీద ఎండి బస్తాలకెక్కుతాయి. అవి పెరిగి ఉంటే ఈ పాకల్లో బేరం ఇంకోలా ఉండేది.

ఇక తాగుడు సంగతి. క్లబ్బుల్లో బారుంటుంది, గట్టున ఉండదు. కార్ల వెనక, చెట్ల చాటున సీసాలు తెరుచుకుంటాయి. పగిలిన సీసా ముక్కలు రేవు మట్టిలోనే ఉండిపోతాయి, వాటి మీద ఉత్తకాళ్లతో దిగేది వలేసేవాడు. మన గడ్డ మీద చేప పక్కకు తగింది ఈతకల్లు. కానీ పాలమూరులో కల్లు పేరెత్తితే ముందు డైజెపాం, ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ గుర్తుకొస్తాయి. కల్తీ కల్లుకు అలవాటుపడి, అది దొరకని రోజు వణుకుతూ ఆస్పత్రికి చేరినవాళ్లు ఈ జిల్లాల్లో తక్కువేం కాదు. 2023 మేలో హుస్సేన్ సాగర్ ఒడ్డున నీరా కేఫ్ తెరిచారు. గౌడన్న పొద్దుపొడవకముందు దించిన తియ్యని నీరాను చల్లగా గ్లాసులో పోసి ఇచ్చే చోటు. అలాంటిదొకటి జూరాలకూ సోమశిలకూ ముందే రావాల్సింది, ఈత చెట్లున్నది ఇక్కడ కదా.

పాకల్లో కోసేది, కడిగేది, వేయించేది చాలాచోట్ల ఆడవాళ్లే. తినడానికి వచ్చే గుంపుల్లో మాత్రం మగవాళ్లే ఎక్కువ. శుభ్రమైన మరుగుదొడ్డి లేని చోటికి, సీసాల గుంపుల మధ్యకు ఏ ఇల్లాలు పిల్లల్ని వేసుకుని వస్తుంది? వచ్చినా ముక్కలు పొట్లం కట్టించుకుని కారులోనే తినిపిస్తుంది. సభ్యత్వం అక్కర్లేదని పైన రాశాను. ఆ మాట సగం మందికే వర్తిస్తుంది.

పోదామనుకునేవాళ్లకు ఒక మాట. గేట్లెత్తారని టీవీలో చూడగానే జనం ఎగబడతారు. అది చేపలు గుడ్లు పెట్టే వానాకాలం, జలాశయంలో వేట ఆపాల్సిన రోజులు. కొత్త నీటి ఉరవడికి పుట్టి దించడం కూడా ప్రాణాలతో చెలగాటమే. ఆ రద్దీలో బాణలిలో వేగేది ఏ చెరువు చేపో, ఐసులో ఎన్ని రోజులున్నదో అడిగి తెలుసుకోవాలి. సంక్రాంతి దాటాక, నది నెమ్మదించాక, వారం మధ్యలో పొద్దున్నే పోతే గేట్ల హోరుండదు. పుట్టి ఒడ్డుకు చేరే వేళకు అక్కడుంటే, ఆ చేపనే బేరమాడి పాకలో వేయించుకోవచ్చు.