కౌమారదశలో కుంగుబాటు, మత్తుపదార్థాల వాడకం

కౌమారదశలో (10-19 సంవత్సరాల వయసు) కలిగే కుంగుబాటు లేదా డిప్రెషన్, మత్తుపదార్థాల వాడకం తరచుగా ఒకే వ్యక్తిలో కలిసి కనిపిస్తాయి. ఇవి ఒకదానినొకటి పెంచుతాయి.

లక్షణాలు

రెండు వారాలకు తగ్గకుండా దాదాపు రోజంతా దిగులుగా ఉండటం, ఆటపాటలపై ఆసక్తి నశించటం, నిద్రలోనూ ఆకలిలోనూ మార్పులు, ఏకాగ్రత లోపించటం కుంగుబాటు ముఖ్య లక్షణాలు. ఈ వయసులో ఇది దిగులుకు బదులు చిరాకుగా, కోపంగా బయటపడవచ్చు. అందువలన పెద్దలు దీనిని పొగరుగానో, సోమరితనంగానో భావించి దండించే ప్రమాదమున్నది.

పరస్పర సంబంధం

కొందరు బాధను మరచిపోవటానికి మత్తును ఆశ్రయిస్తారు. మద్యం వంటివి తాత్కాలికంగా ఉపశమనం కలిగించినా, మత్తు దిగిన తరువాత దిగులు మరింత పెరుగుతుంది. నిగ్రహానికి ఆధారమైన మెదడు ముందుభాగం ఇరవై ఏళ్ళు దాటిన తరువాత కూడా ఎదుగుతూనే ఉంటుంది. కనుక ఈ వయసులో మొదలైన అలవాటు వ్యసనంగా మారే అవకాశం ఎక్కువ.

భారతదేశంలో

2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం వైట్‌నర్, జిగురు వంటి వాటి ఆవిరిని మత్తు కోసం పీల్చేవారు పెద్దలలో 0.58 శాతం కాగా, 10-17 ఏళ్ళవారిలో 1.17 శాతం. పెద్దలకంటే పిల్లలలో ఎక్కువగా కనిపించిన మత్తు ఇదొక్కటే.

చికిత్స

వ్యసనాన్ని మాత్రమే మాన్పించి కుంగుబాటును వదిలివేస్తే అలవాటు తిరిగి రావచ్చు. రెండింటికీ కలిపి చికిత్స చేయాలి. కౌన్సెలింగ్, కుటుంబ సభ్యుల సహకారం, అవసరమైతే మందులు ఇందులో భాగం. ఆత్మహత్య ఆలోచనల గురించి నేరుగా అడగటం వలన అవి పుట్టవు. బాధితునికి చెప్పుకొనే అవకాశం కలుగుతుంది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి-మానస్ (14416) ద్వారా ఉచితంగా సలహా పొందవచ్చు.