ముందు అన్నం, తర్వాత మార్కులు



మా వినుకొండలో పదోతరగతి గట్టెక్కగానే చాలామంది పిల్లల్ని ఇంటర్ చదువుకని గుంటూరుకో, విజయవాడకో హాస్టలుకి పంపుతాం. మా అబ్బాయినీ అలాగే పంపాను. సంక్రాంతి సెలవులకి వాడు ఇంటికొస్తే, చెప్పులు విడవకముందే "మార్కులెన్నొచ్చాయిరా?" అన్నాను. "బాగానే వచ్చాయమ్మా" అన్నాడు. మర్నాడు చొక్కా ఉతకబోతే జేబులో మార్కుల చీటీ దొరికింది. ఫిజిక్సు తప్పాడు! ఎదురింటి కుర్రవాడితో పోల్చి నానామాటలూ అన్నాను. రెండు రోజులు వాడు నాతో మాట్లాడలేదు.

మూడోనాడు నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే పక్కన చేరి, తనూ నాలుగు కాయలు అందుకున్నాడు. తల ఎత్తకుండానే చెప్పాడు. పాఠం అర్థం కావడం లేదట. అడిగితే తోటివాళ్లు నవ్వుతారని భయమట. "నిజం చెబితే తిడతావని అబద్ధమాడానమ్మా" అన్నాడు. ఆ అబద్ధంలో సగం పాపం నాదేనని అప్పుడు తెలిసింది.

ఈ వయసు పిల్లలు ఎదుట నిలబెట్టి అడిగితే నోరు విప్పరు. పక్కన ఏదో పనిలో ఉంటే వాళ్లే చెబుతారు. మధ్యలో అడ్డురాకుండా వినడమే మన వంతు. అదేమంత తేలిక కాదు సుమండీ!

10 నుంచి 19 ఏళ్ల వరకూ కౌమారమని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఒళ్లు ఎదిగినంత త్వరగా మెదడు ఎదగదు. ముందువెనుకలు ఆలోచించి తమాయించుకునే భాగం పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. ఈ ఈడులో రాత్రి నిద్ర ఆలస్యంగా పడుతుంది, అయినా 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. కనుక పొద్దున్నే లేవకపోవడమంతా బద్ధకం కాదు.

అలాగని పగ్గాలు వదిలెయ్యమనడం లేదు. ఇంటికి చేరే వేళ, సెల్‌ఫోను పక్కన పెట్టే వేళ వాళ్లతో కూర్చుని నిర్ణయించండి. ఆ నియమం మనమూ పాటించాలి. తప్పు చేస్తే ఆ తప్పునే మందలించండి గాని, "నీ బతుకింతే" అనకండి. మిరప నారు నాటిన కొత్తలో వాడితే రైతు తడి పెడతాడే గాని, పీకి వేరు చూడడు కదా!

పిల్లలు తిండీ నిద్రా మానేసి, "నేను లేకపోతే మీకే హాయి" అంటే మాత్రం ఉత్త బెదిరింపని కొట్టిపారెయ్యకండి. ఒంటరిగా వదలకండి, వెంటనే డాక్టరుకు చూపించండి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్‌కు 14416 నంబరులో రాత్రీపగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇప్పుడు మావాడు ఫోను చేస్తే ముందుగా "అన్నం తిన్నావా నాన్నా?" అంటున్నాను. మార్కుల సంగతి వాడే చెబుతున్నాడు, తక్కువొచ్చినా సరే. సెలవు.