వేరుశనగ మొవ్వు ఎండుతోందా? ఏ వైరసో పట్టించేది దాని పైతొడుగే

2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో దాదాపు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగ దెబ్బతింది. నష్టం రూ.300 కోట్లు దాటిందని అంచనా. ఆకులపై మచ్చలు, ఎండిన మొవ్వు చూసి మొదట దాన్ని పాత మొవ్వు కుళ్లు తెగులే అనుకున్నారు. పరీక్షిస్తే వేరే వైరస్ అని తేలింది. దాని పేరు పొగాకు స్ట్రీక్ వైరస్. ఈ తేడా బయటపడింది వైరస్ పైతొడుగు వల్లే. దీన్నే కోట్ ప్రొటీన్ అంటారు.

ఏమిటీ పైతొడుగు?

చాలా మొక్కల వైరస్‌లలో ఉండేవి ముఖ్యంగా రెండే: లోపల ఆర్‌ఎన్‌ఏ, దాని చుట్టూ ప్రొటీన్ తొడుగు. విడిగా ఉంటే ఆర్‌ఎన్‌ఏ త్వరగా ముక్కలైపోతుంది. తొడుగు దాన్ని కాపాడుతుంది.

కాపాడటమే దాని పనా?

కాదు. చాలా వైరస్‌లలో తొడుగు లేని ఆర్‌ఎన్‌ఏను మొక్కలోకి ఎక్కించినా తెగులు వస్తుంది. పొగాకు స్ట్రీక్ వైరస్ మాత్రం అలా కాదు. దాని మూడు జన్యు ఆర్‌ఎన్‌ఏ ముక్కలను ఎక్కించినా ఏమీ కాదు. వాటికి కాస్త కోట్ ప్రొటీన్ తోడైతేనే తెగులు మొదలవుతుంది. ఆ ప్రొటీన్ ఆర్‌ఎన్‌ఏ చివర అతుక్కున్నాకే వైరస్ పెరగడం ఆరంభమవుతుంది. అంటే బండికి తాళం చెవి లాంటిదన్నమాట.

పంటలోకి ఎలా వస్తుంది?

మొక్క కణానికి గట్టి గోడ ఉంటుంది. వైరస్ తనంతట తాను దాన్ని దాటలేదు, ఏదో ఒక గాయం కావాలి. ఖాళీ స్థలాల్లో కనిపించే వయ్యారిభామ కలుపులో ఈ వైరస్ ఉన్నా, మొక్క ఆరోగ్యంగానే కనిపిస్తుంది. దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది. తామర పురుగులు ఆ పుప్పొడిని ఒంటికి అంటించుకుని వేరుశనగపై వాలతాయి. అవి ఆకును గీరినప్పుడు ఆ గాయం గుండా వైరస్ లోపలికి చేరుతుంది.

పరీక్ష ఎలా చేస్తారు?

ఎలిసా పరీక్షలో ఆకు రసానికి యాంటీబాడీలు కలుపుతారు. ఒక్కో వైరస్ తొడుగును గుర్తుపట్టే యాంటీబాడీలు వేరు. సరైనది తగిలితే రంగు వస్తుంది. అనంతపురం నమూనాలు మొవ్వు కుళ్లు వైరస్ యాంటీబాడీలకు స్పందించలేదు, పొగాకు స్ట్రీక్ వైరస్ వాటికి స్పందించాయి.

ఏ వైరస్ అయితే ఏంటి?

తేడా ఉంది. మొవ్వు కుళ్లు వైరస్‌ను తామర పురుగు తన ఒంట్లోనే పెంచి మోస్తుంది. ఇక్కడ మూలం పుప్పొడి. కలుపును వదిలేసి పురుగు మందు మాత్రమే కొడితే ఖర్చు మిగులుతుంది, తెగులు ఆగదు.

మీరేం చేయాలి?

* వైరస్ సోకిన మొక్కను నయం చేసే మందు లేదు. నివారణే దారి.
* పొలంలో, గట్లపై వయ్యారిభామను పూత రాకముందే పీకేయండి. అలర్జీ తెచ్చే మొక్క కాబట్టి గ్లవ్స్, మాస్క్ వాడండి.
* పొలం చుట్టూ సజ్జ లేదా జొన్న వరుసలు వేస్తే పురుగుల రాక తగ్గుతుంది.
* అనుమానం ఉంటే ఆకుల ఫొటోలు చూసి మందు కొనకండి. దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రాన్ని సంప్రదించండి. కిసాన్ కాల్ సెంటర్ టోల్‌ఫ్రీ నంబర్ 1800-180-1551లో తెలుగులోనూ సలహా ఇస్తారు.
* మీరు నగరంలో ఉన్నా, ఊళ్లో సాగు చేస్తున్న మీ వాళ్లకు ఈ నంబర్ పంపండి.