జారిపడితే చికిత్సతో పాటు కాగితాలూ ముఖ్యమే

అమీర్‌పేట, పంజగుట్టల్లో దుకాణాల తడి నేల మీద, హాస్టళ్ళ ఇరుకు మెట్ల మీద కాలు జారి తుంటి ఎముకో, మణికట్టో విరిగినవారు చాలామంది "నా రాత ఇంతే" అని ఊరుకుంటారు. కాని తన స్థలానికి వచ్చేవారికి ప్రమాదం లేకుండా చూడవలసిన బాధ్యత యజమానిదే.

2019 సెప్టెంబరు 22న అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద వానకు ఆగిన ఒక యువతి, పైనుంచి పెచ్చు ఊడిపడి మరణించింది. మెట్రో సంస్థ ఆ కుటుంబానికి 20 లక్షల రూపాయలు ఇవ్వడానికి ఒప్పుకుంది. అది ఊరంతా తెలిసిన సంఘటన. మెట్ల మీద ఒంటరిగా పడినవారికి మాత్రం కాగితాలే సాక్ష్యం.

అందుచేత ఇవి గుర్తుంచుకోండి:

1. తుంటి నొప్పిగా ఉంటే లేచి నడవకండి. కదలకుండా ఆసుపత్రికి చేర్చమనండి.

2. డాక్టరుగారికి "జారిపడ్డాను" అని మాత్రమే కాక, ఎక్కడ, ఎలా పడ్డారో చెప్పి కేసు షీటులో రాయించండి.

3. నేల తుడిచివేయకముందే మీవారిచేత ఫోటో తీయించండి. చూసినవారి పేరు, ఫోన్ నంబరు రాసుకోండి.

4. ఎక్స్‌రేలు, బిల్లులు, జీతం పోయిన రుజువులు దాచండి.

డబ్బు చెల్లించి సేవ పొందిన చోట ప్రమాదం జరిగితే, రెండేళ్ళలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. మిగతా సందర్భాల్లో సివిల్ కోర్టు ఉంది. మన అజాగ్రత్త కూడా ఉంటే పరిహారం తగ్గవచ్చు. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. 15100కు ఫోన్ చేయండి.