నిలకడలో దగ్గే కారు

పాత కారున్న ఇళ్లలో అందరికీ తెలిసిన జబ్బు ఒకటుంది. రోడ్డు మీద పరుగెత్తినంతసేపూ బండి బంగారంలా ఉంటుంది. రైల్వే గేటు దగ్గర ఆగిందో, ఇక మొదలు! లయ తప్పిన మద్దెలలా మధ్యమధ్య ఒక దెబ్బ ఎగిరిపోతుంది, బానెట్టు వణుకుతుంది, ఒక్కోసారి ఇంజను చల్లగా ఆగిపోతుంది. మెకానిక్కులు దీన్ని 'మిస్సింగు' అంటారు. రేసు ఇస్తే మాయమవుతుంది గనక చాలామంది దీన్ని జబ్బుగానే లెక్కవేయరు.

మా 1978 నాటి అంబాసిడరును ఈ మిస్సింగు ఏడు నెలలపాటు వదల్లేదు. మేముండేది వికారాబాదులో, అమ్మ ఉండేది తాండూరులో. మోకాళ్ల నొప్పులతో ఆవిడ కొత్త కార్లలోకి వంగి దూరలేదు. ఈ కారు సీటు ఎత్తుగా ఉంటుంది గనక ఇందులో అయితేనే వస్తానంటుంది. నెలకోసారి డాక్టరుకు చూపించాలి. నాపరాళ్ల లారీల వెనుక నిలబడ్డప్పుడల్లా ఇంజను ఆగితే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? పట్నంలో ఒక షెడ్డువారు ప్లగ్గులు మార్చారు, కార్బొరేటరు మార్చారు, చివరకు "ఇంజనైనా మార్చండి, లేదా తూకానికి అమ్మేయండి" అని తేల్చారు.

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరి మెకానిక్కులకు మాత్రం ఎవరూ ఏ గుర్తింపూ ఇచ్చినట్టు లేదు. తెలుగూ కన్నడమూ ఉర్దూ కలిపి మాట్లాడే ఒక పెద్దాయన దగ్గరకు తీసుకెళ్లాను. అందరూ ఉస్తాద్ అనే పిలుస్తారు. ఆయన పానా ముట్టుకోలేదు. ఒక కాగితం ముక్క తీసి సైలెన్సరు మూతి దగ్గర పట్టుకున్నాడు. మంచి ఇంజనైతే పొగ కాగితాన్ని ఒకే తీరుగా బయటికి తోస్తుంది. మా కాగితం నాలుగైదు దెబ్బలు ఎగిరి, మధ్యలో ఒకసారి లోపలికి పీల్చుకుపోయింది. "హు" అన్నాడంతే.

తర్వాత ఇంజను నడుస్తూండగానే ప్లగ్గు తీగలను, పొడి రబ్బరు తొడుగు వేసుకుని, ఒక్కొక్కటిగా ఊడదీసి మళ్లీ పెట్టాడు. ఒకటి తీస్తే ఇంజను కుంటింది. రెండు, నాలుగు తీసినా అంతే. మూడోది తీస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఉన్నా లేనట్టున్న సిలిండరు అదేనన్నమాట! మూడో ప్లగ్గును ఒకటో చోట, ఒకటోదాన్ని మూడో చోట పెట్టాడు. జబ్బు ప్లగ్గుతోపాటు జరగలేదు. తీగ మార్చినా జరగలేదు.

నిలకడలోనే కొట్టే మిస్సింగుకు మొదట అనుమానించవలసింది దొంగగాలి. కాలు తీసినప్పుడు కార్బొరేటరు తలుపు దాదాపు మూసుకుని లోపల పీల్పు ఎక్కువవుతుంది. ప్యాకింగులో వెంట్రుకంత చీలిక ఉన్నా అందులోంచి వచ్చే గాలి పెట్రోలును పలచన చేస్తుంది. రేసు ఇచ్చినప్పుడు వచ్చే గాలి ముందు అది లెక్కలోకి రాదు. అతుకుల మీద నాలుగు చుక్కల నూనె వేస్తే ఇంజను చప్పుడు మారుతుంది, దొంగ దొరుకుతాడు. (కొందరు పెట్రోలు చల్లి చూస్తారు, పక్కనే కాలుతున్న పొగగొట్టం ఉంటుంది, ఆ సాహసం వద్దు.) ఉస్తాద్ నూనె వేశాడు గాని, ఏమీ ఆశించకుండానే వేశాడు. "ప్యాకింగయితే మూడూ నాలుగూ రెండూ ఏడుస్తయి సార్. ఇది మూడొక్కటే ఏడుస్తున్నది" అన్నాడు. ఆ మాటకు ఆధారం ఇంజను కట్టుబడిలోనే ఉంది. అంబాసిడరు 1489 సీసీ పెట్రోలు ఇంజనులో ఒకటి, రెండు సిలిండర్లకు కలిపి ఒకే గాలిదారి. మూడు, నాలుగుకు కలిపి మరొకటి.

ఇక మిగిలింది వాల్వు. నిమిషానికి 700 చుట్లు తిరిగే నిలకడలో ఒక్కో సిలిండరు 350 సార్లు, అంటే సెకనుకు ఆరుసార్లకు కాస్త తక్కువగా పేలాలి. వాల్వు సరిగా మూసుకోకపోతే ఆ తీరికలో లోపలి ఒత్తిడి కారిపోతుంది. 2100 చుట్ల మీద కారడానికి దొరికే సమయం మూడోవంతే, అందుకే పరుగులో జబ్బు కనిపించదు.

హెడ్డు మీది మూత తీసి సన్నని ఉక్కురేకులతో సందులు కొలిచాడు. ఎనిమిది వాల్వులకు ఆయన లెక్క తొమ్మిది: నాలుగోది పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఐదోదాన్ని కొలవాలి, ఒకటోది తెరుచుకుంటే ఎనిమిదోదాన్ని, ఎటు కూడినా తొమ్మిదే. ఐదోది మూడో సిలిండరు ఎగ్జాస్టు వాల్వు. అక్కడ అతి పలచని రేకు కూడా దూరలేదు. ఉండవలసిన సందు ఉంచి బిగించాక, కారు నిద్రపోయే పిల్లిలా గురగురలాడింది.

నేను సంతోషిస్తూంటే ఆయన సంతోషించలేదు. ఆ సందు ఎందుకు పోయిందన్నది ఆయన ప్రశ్న. 1921లో అమెరికాలో థామస్ మిడ్‌గ్లీ, పెట్రోలులో సీసపు మందు కలిపితే ఇంజను తట్టడం తగ్గుతుందని కనిపెట్టాడు. ఆ సీసం ఎగ్జాస్టు వాల్వుకూ అది కూర్చునే సీటుకూ మధ్య పొరగా నిలిచి అరుగుదలను కూడా ఆపేది. అయితే అది పసివాళ్ల మెదడుకు విషం. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి ఆ పెట్రోలు ఆపేశారు. 2021లో అల్జీరియా కూడా మానడంతో ప్రపంచంలో కార్లకు దాన్ని అమ్మే చోటు లేకుండా పోయింది. నూటికి నూరుపాళ్లు మంచి పనే. కాకపోతే సీసం నాటి మెత్తని ఇనుప సీట్లు క్రమంగా అరుగుతాయి, వాల్వు పైకి జరుగుతుంది, సందు పూడిపోతుంది. మూసుకోని వాల్వుకు సీటు ద్వారా చల్లబడే వీలుండదు గనక అది కాలడం మొదలవుతుంది.

వెయ్యి కిలోమీటర్లు నడిపి రమ్మన్నాడు. వెళ్తే ఐదోదాని సందు మళ్లీ తగ్గింది. అప్పుడు హెడ్డు దింపి, నాలుగు ఎగ్జాస్టు వాల్వులకూ గట్టి ఉక్కు సీట్లు కూర్పించాం. ఇంజను ధరలో అదెంతో కాదు. ఊడదీసిన ఐదో వాల్వు అంచున బియ్యపుగింజంత మేర కాలి నల్లబడి ఉంది. అమ్మ దాన్ని చేతిలో తిప్పి చూసి, "ఇంతదానికా బండి అమ్మమన్నరు?" అంది.