ఇంజను, గేరుబాక్సుల మధ్య నూనె కారడం

ఇంజను, గేరుబాక్సుల మధ్య నూనె కారడం అనగా మోటారు వాహనంలో ఇంజను వెనుక భాగం గేరుబాక్సుతో కలిసే చోటు నుండి నూనె బయటికి రావడం. ఈ రెండింటినీ కలిపే గంట ఆకారపు లోహపు తొడుగును బెల్ హౌసింగ్ అంటారు. దీని లోపల ఫ్లైవీలు, క్లచ్చి ఉంటాయి. మాన్యువల్ గేర్లు గల కార్లలో సాధారణంగా క్లచ్చి పొడిగా పనిచేస్తుంది కనుక ఈ తొడుగులో నూనె ఉండరాదు. నూనె తగిలిన క్లచ్చి ప్లేటు పట్టు తప్పి జారుతుంది, లేదా బండి కదిలేటప్పుడు అదురుతుంది.

ఆయిల్ సీలు వెల తక్కువే. కాని దానిని చేరడానికి గేరుబాక్సును దించవలసి ఉంటుంది కనుక ఖర్చులో అధిక భాగం కూలికే పోతుంది. అందువలన నూనె ఎక్కడి నుండి వస్తున్నదో ముందుగా తేల్చుకోవడం ఈ మరమ్మత్తులో అన్నింటికన్నా ముఖ్యమైన పని.

కారణాలు

క్రాంకుషాఫ్టు వెనుక కొనకు ఉండే సీలు ఇంజను నూనెను, గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్టు సీలు గేరు నూనెను ఆపుతాయి. వేడికి రబ్బరు గట్టిపడి, సీలు పెదవి అరిగిపోతే నూనె కారుతుంది. బేరింగు అరిగి షాఫ్టు ఊగుతుంటే కొత్త సీలు కూడా ఎక్కువ కాలం నిలవదు.

అయితే సీలుపై మోపే నింద అన్నిసార్లూ నిజం కాదు. ఇంజను పైనున్న వాల్వు కవరు గాస్కెట్టు, ఆయిల్ ప్రెషరు స్విచ్చి వంటి చోట్ల కారిన నూనె ఇంజను వెనుక గోడ మీదుగా దిగి, బెల్ హౌసింగు వద్దే చుక్కలుగా పడుతుంది. కొన్ని ఇంజన్లలో ఫ్లైవీలు బోల్టుల రంధ్రాలు క్రాంకుకేసు లోపలి వరకు ఉంటాయి. వాటి మరలకు సీలెంటు పూయకపోతే నూనె మరల వెంబడి బయటికి వస్తుంది. ఇది చూడటానికి అచ్చంగా సీలు లోపం వలెనే కనబడుతుంది.

మరొక కారణం క్రాంకుకేసులో పీడనం. పిస్టను రింగులను దాటి వచ్చే వాయువులు పి.సి.వి. వాల్వు ద్వారా బయటికి పోవాలి. అది మూసుకుపోతే లోపలి పీడనం నూనెను సీలు గుండా నెడుతుంది. గేరుబాక్సు పైనున్న గాలి రంధ్రం పూడిపోయినా ఇదే జరుగుతుంది.

గుర్తించే విధానం

మొదట ద్రవమేదో తెలుసుకోవాలి. వాడిన ఇంజను నూనె గోధుమ లేక నలుపు రంగులో ఉంటుంది. గేరు నూనె చిక్కగా, గంధకపు ఘాటు వాసనతో ఉంటుంది. ఆటోమేటిక్ గేరుబాక్సు నూనె తరచుగా ఎరుపు రంగు. క్లచ్చి హైడ్రాలిక్ వ్యవస్థలో సాధారణంగా వాడే బ్రేకు ద్రవం నీటిలో కలిసిపోతుంది, నూనె మాత్రం తేలుతుంది. గ్లాసెడు నీటిలో ఒక చుక్క వేస్తే ఈ తేడా తెలుస్తుంది.

తరువాత ఆ భాగమంతా శుభ్రంగా కడిగి, ఆరనిచ్చి, బండిని కొంతదూరం నడిపి, పై నుండి కిందికి వెదకాలి. తడి కనబడిన అత్యంత పై చోటే సాధారణంగా మూలం. ముందుకు నడిచే బండిలో గాలి నూనెను వెనుకకు తోస్తుందన్నది మరువరాదు. నూనెలో కలిపే రంగు ద్రవం, అతినీలలోహిత దీపం ఉంటే మూలం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. పెట్రోలు ఇంజను ఐడిలింగులో ఉండగా నూనె పోసే మూత తీసి, ఆ మూతిపై పల్చని కాగితం ఉంచితే అది బలంగా పైకి ఎగరరాదు. ఎగిరితే సీలుకన్నా ముందు పి.సి.వి. వాల్వును, పిస్టను రింగులను చూడాలి.

మరమ్మత్తు

బండి కిందికి దూరేముందు దానిని గట్టి స్టాండ్లపై నిలపాలి, జాకీని మాత్రమే నమ్మరాదు. బ్యాటరీ తీగ విప్పి, గేరుబాక్సును, క్లచ్చిని, ఫ్లైవీలును వరుసగా తీసిన తరువాత పాత సీలును షాఫ్టుపై గీత పడకుండా ఊడదీయాలి. పాత సీలు పెదవి షాఫ్టుపై గాడి చేసి ఉంటే కొత్త సీలును తయారీదారు అనుమతించిన మేర కొద్దిగా జరిపి అమర్చాలి, లేదా షాఫ్టుకు పల్చని తొడుగు వేయాలి. పెదవి నూనె వైపుకు ఉండేట్లు, నాలుగు పక్కలా సమంగా ఒత్తి దించాలి. రబ్బరు సీలు పెదవికి కొద్దిగా నూనె రాస్తారు. చాలా పి.టి.ఎఫ్.ఇ. సీళ్ళను మాత్రం పొడిగానే అమర్చాలి కనుక వాహన సూచనల పుస్తకం చూడటం తప్పనిసరి. బోల్టులను టార్కు రెంచితో బిగించాలి. నూనెతో తడిసిన క్లచ్చి ప్లేటును పెట్రోలుతో కడిగి మళ్ళీ వేయడం వృథా ప్రయాస, మార్చడమే మేలు.

నూనెలో పోసే "లీకు ఆపే" మందులు గట్టిపడిన రబ్బరును కొంత ఉబ్బిస్తాయి. చిరిగిన పెదవిని, గాడి పడిన షాఫ్టును అవి బాగు చేయలేవు.

పాత ఇంజన్లు

పూర్వం అన్ని ఇంజన్లకూ ఇటువంటి సీలు లేదు. బ్రిటన్‌కు చెందిన బి.ఎం.సి. సంస్థ ఏ-సిరీస్, తొలి బి-సిరీస్ ఇంజన్లలో క్రాంకుషాఫ్టుపై మర వంటి గాడి మాత్రమే ఉండేది. షాఫ్టు తిరిగేటప్పుడు అది నూనెను లోపలికి తోసేది. 2014 వరకు తయారైన అంబాసిడర్ కారులో చాలాకాలం వాడిన 1489 సి.సి. ఇంజను ఈ బి-సిరీస్ సంతతికి చెందినదే. ఇటువంటి గాడి గల ఇంజను ఆగి ఉన్నపుడు, ముఖ్యంగా వెనుక వైపు పల్లంగా నిలిపినపుడు, ఒకటి రెండు చుక్కలు కారడాన్ని లోపంగా పరిగణించరు. 1959లో వచ్చిన బ్రిటిష్ మినీ కారులో ఇంజనుకు, దాని కింద ఉన్న గేరుబాక్సుకు ఒకే నూనె. అందుచేత పైన చెప్పిన వాసన, రంగు పరీక్షలు ఆ కారు విషయంలో ఇంజను నూనెను గేరు నూనె నుండి వేరు చేయలేవు.