కుండీ మట్టితో ఖండాలు దాటిన ఒబామా నుంగారా

దక్షిణ అమెరికాకు చెందిన ఒబామా నుంగారా నేలపై నివసించే బల్లపరుపు పురుగు. ‘ఒబామా’ అనే ప్రజాతి నామం టుపీ భాషలో ఆకు, జంతువు అనే అర్థాలున్న రెండు పదాల కలయిక. ఆకును పోలిన దేహాన్ని సూచిస్తుంది. యూరప్ తోటల్లో కనిపించిన ఈ పురుగును తొలుత ఒబామా మార్మొరేటాగా భావించారు. స్వరూప లక్షణాలను, డీఎన్ఏను పరిశీలించి కార్బయో, ఆయన సహచరులు 2016లో దీనిని కొత్త జాతిగా వర్ణించారు. ‘నుంగారా’ అంటే ‘పోలినది’ అని అర్థం.

ఎదిగిన పురుగు సాధారణంగా 5 నుంచి 8 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. పైభాగం గోధుమ రంగు నుంచి నలుపు వరకు మారుతుంది. అడుగుభాగం పాలిపోయి ఉంటుంది. చూపునకు జలగను పోలినా దీనికి ఖండితాలు, చూషకాలు ఉండవు. నోరు తల వద్ద గాక అడుగుభాగపు మధ్యన ఉంటుంది. గ్రసనిని వెలుపలికి చాచి వానపాములను, నత్తలను, గుల్లలేని నత్తలను ఆహారంగా తీసుకుంటుంది.

యూరప్‌లో ఇది 2008లో గర్న్‌సీ దీవిలో తొలిసారి లభించింది. జస్టిన్ బృందం 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఫ్రాన్సు ప్రధాన భూభాగంలోని 96 పరిపాలనా విభాగాలకుగాను 72 విభాగాలలో ఇది నమోదైంది. ఈ సమాచారంలో అధికభాగం సామాన్య పౌరులు పంపినదే. ఫ్రాన్సులోని పురుగుల మూలం అర్జెంటీనా అని జన్యు విశ్లేషణ సూచించింది. మెల్లగా పాకే ఈ జీవి ఇంతగా విస్తరించడానికి ప్రధాన వాహకం కుండీ మొక్కల వ్యాపారం.

వ్యవసాయ శాస్త్ర దృష్టిలో అసలు ప్రమాదం వానపాములకే. వాటి బొరియల ద్వారా నేలలోకి నీరు ఇంకుతుంది, గాలి ప్రసరిస్తుంది. సేంద్రియ పదార్థం లోపలి పొరలకు చేరుతుంది. ఇటువంటి మరొక బల్లపరుపు పురుగు న్యూజిలాండ్ నుంచి బ్రిటిష్ దీవులకు చేరింది. అక్కడి పచ్చిక నేలల్లో అది వానపాముల జీవద్రవ్యరాశిని సుమారు 20 శాతం తగ్గించినట్లు అధ్యయనాలు అంచనా వేశాయి. లోతుగా బొరియలు చేసే జాతులే ఎక్కువగా నష్టపోయాయి.

ఒకసారి నేలలో స్థిరపడిన పురుగును నిర్మూలించడం అతికష్టం. కనుక ప్రవేశ మార్గం వద్దనే అడ్డుకోవాలి. మొక్కలతో పాటు మట్టి దిగుమతిని నిషేధించే మన క్వారంటైన్ నిబంధన ప్రాముఖ్యం ఇక్కడే ఉంది. కుండీల అడుగుభాగాన్ని, తేమగల రాళ్ల కింది భాగాన్ని పరిశీలించాలి. అనుమానాస్పద పురుగును ముక్కలు చేయరాదు. బల్లపరుపు పురుగులలో అనేక జాతులకు ముక్కల నుంచి పునరుత్పత్తి పొందే శక్తి ఉంది. ఫోటో తీసి, నమూనాను ఆల్కహాలులో భద్రపరచి నిపుణులకు పంపాలి.